కడుపులో కిరాయిదారులు

మా ఓనరమ్మ పోయారు. పొద్దున నేను వంటింట్లో ఆవిడ స్టీలు డబ్బా తోముతుంటే ఫోన్ మోగింది. అవతల ఆవిడ కూతురు. "పిన్నీ, అమ్మ నిద్ర లేవలేదు" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారట. నాలుగు రోజులుండి వస్తానని వనస్థలిపురంలో కూతురింటికి వెళ్లిన మనిషి. నేను ఫోన్ పక్కన పెట్టి, సబ్బు చేతులతో ఆ డబ్బానే మళ్లీ తోమాను. అప్పటికే తళతళలాడుతోంది. తోమడం ఆపితే ఏం చెయ్యాలో తెలియక తోముతూనే ఉన్నాను.

ఓనరమ్మ అంటే మేం కిరాయికున్న ఇంటి యజమానురాలు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దాటాక లోపలి వీధిలో ఇల్లు. పైన ఆవిడ, కింద మేము. ఆవిడది కృష్ణా జిల్లా. మాది నల్లగొండ వైపు పల్లె, తాతల నాటి నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. నేను ఎల్బీనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆవిడ దిల్‌సుఖ్‌నగర్‌లో మెడిసిన్ ఎంట్రన్సు రాసే పిల్లలకు జువాలజీ చెప్పేవారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు పెళ్లి కార్డులు పట్టుకుని వచ్చినప్పుడు, పైన ఆవిడ లేకపోతే మా వరండాలో కూర్చునేవారు. అలా ఆవిడ క్లాసు సంగతులు నాకు తెలిశాయి. బోర్డు మీద పైమూలన చిన్న గడి గీసి, అందులో 'ఇంకా తెలియదు' అని రాసేవారట. పాఠంలో శాస్త్రానికే అంతుపట్టని ముక్క ఏదైనా వస్తే దాన్ని ఆ గడిలో చేర్చేవారు. బోర్డంతా తుడిచినా ఆ గడిని తుడవనిచ్చేవారు కాదు. "అది పరీక్షలో రాదు కదా మేడం" అని పిల్లలు అడిగితే, "పరీక్షలో రాదు. మీరు డాక్టర్లయ్యాక రోజూ వస్తుంది" అనేవారట.

మా రెండిళ్ల మధ్య ఒక స్టీలు డబ్బా తిరుగుతుండేది. పైనుంచి కందిపొడి వచ్చేది, గోంగూర పచ్చడి వచ్చేది, పండగనాడు పులిహోర వచ్చేది. వచ్చిన డబ్బాను ఖాళీగా తిప్పి పంపకూడదు. ఈ ఆచారం ఆవిడ వైపూ ఉంది, మా వైపూ ఉంది. చిక్కల్లా, మా వంటింట్లో వండింది పైకి వెళ్లదు. ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పలేదు. ఆవిడ అత్తగారు మడి కట్టుకుని తిరిగిన రోజుల నుంచి అలా నడిచింది. పెద్దావిడ పోయాక కూడా అలాగే నడిచింది. అందుకని నేను డబ్బాలో నిమ్మకాయలో, కరివేపాకో, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో వేసి పంపేదాన్ని. వండినవి మెట్లు దిగేవి, పచ్చివి మెట్లెక్కేవి.

బాధ లేదంటే అబద్ధం. ఈ ఇంట్లో మా మొదటి క్రిస్మస్‌కు ముచ్చటపడి కేకు చేసి పైకి పంపాను. మర్నాడు పాలు పోసే అతను, "కేకు మస్తుగున్నదక్కా" అన్నాడు. నేను నవ్వి పాల గిన్నె అందుకున్నాను. ఆ తర్వాత మళ్లీ నిమ్మకాయలే పంపాను.

అలాగని ఆవిడ మీద కోపం నిలిచేది కాదు. ఎండాకాలం సాయంత్రాలు ఆవిడ మేడ మీద వడియాలు తీస్తుంటే నేను చాప పట్టడానికి వెళ్లేదాన్ని. సాగర్ రోడ్డు మీద బస్సుల రొద అంత దూరం వచ్చేసరికి మెత్తబడి, ఎవరో దుప్పట్లో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. ఆ గాలిలో ఆవిడ పాఠం చెప్పేవారు. నేను అడక్కపోయినా చెప్పేవారు.

"మన పేగు ఉంది చూశావా అమ్మాయ్, అది అచ్చం దిల్‌సుఖ్‌నగరే. అన్ని ఊళ్లవాళ్లూ వచ్చి కిరాయికి దిగుతారు. అసలు స్థానికులెవరండీ అంటే ఒక్కడు చెయ్యెత్తడు. కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ. సందుకో కోచింగ్ సెంటరు."

"కోచింగు ఎవలకు మేడం?"

"ఒంట్లో కాపలా కాసే కణాలకి. అవి ఒకసారి చూసిన ముఖాన్ని మర్చిపోవు. టీకా పనిచేసేది ఆ జ్ఞాపకం మీదే. కానీ పుట్టినప్పుడు వాటికేం తెలుసు? మెతుకు ఏదో విషం ఏదో తెలీదు. పేగు గోడ పక్కన కూర్చోబెట్టి ఈ కిరాయిదార్లే చదువు చెబుతారు. మొదటి పాఠం ఏంటో తెలుసా? ఎవర్ని కొట్టాలో కాదు. ఎవర్ని కొట్టకూడదో."

నేను వడియం కొరుకుతూ ఆగిపోయాను. ఆవిడ తన ధోరణిలో తాను చెప్పుకుంటూ పోతున్నారు.

"పరాయివాడు కనపడగానే కొట్టడం తేలిక. పరాయివాడే, అయినా ఉండనీ అనడం కష్టం. ఆ పాఠం సరిగ్గా అబ్బకపోతే ఒళ్లు అయినదానికీ కానిదానికీ దద్దుర్లెక్కుతుంది, ఒక్కోసారి తన మీద తానే పడుతుంది." అంతలో చేత్తో గాలిలో చిన్న గడి గీసి, "అయితే ఇదింతే అని ఎవరైనా బల్లగుద్ది చెబితే నమ్మకు. ఇందులో వెయ్యాల్సింది ఇంకా బోలెడుంది" అనేవారు.

ఆ కిరాయిదారులే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చారు. కాదు, వాళ్లు లేకపోవడమే తెచ్చింది. ఉద్యోగం మానేసిన ఏడాది ఆవిడకు పంటి చిగురు చీము పట్టి దవడంతా వాచింది. యాంటీబయాటిక్స్ వాడక తప్పలేదు. దవడ తగ్గింది, విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గడం, ఆపితే మళ్లీ మొదలవడం. ఆస్పత్రిలో పడుకోబెట్టడం, ఇంటికి పంపడం, మళ్లీ తీసుకెళ్లడం. నిండుగా ఉండే మనిషి చీర బరువు కూడా మోయలేనట్టయ్యారు. నేను గ్లూకోజు నీళ్లు పట్టుకుని వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని మాట్లాడేవారు.

"మంచివాళ్లనందర్నీ మందులతో ఖాళీ చేయించామమ్మాయ్. ఖాళీ ఇల్లు చూసి రౌడీ దిగాడు. వీణ్ని వెళ్లగొడితే మళ్లీ వీడే వస్తున్నాడు. ఇంట్లో ఎవరూ లేరని వాడికి తెలుసు."

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. డాక్టర్లు ఆవిడ కూతుర్ని పక్కకు పిలిచి మాట్లాడటం చూశాను. ఆ పిల్ల మెట్లమీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం చూశాను.

ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆవిడ మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. కూతురు రెక్క పట్టుకుని ఉంది. ఎప్పుడూ గడప అవతలి నుంచే మాట్లాడే మనిషి, లోపలికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు.

"ఏంది మేడం, గిట్లొచ్చిండ్రు? పిలిస్తే నేనే పైకొస్తుంటి గద" అన్నాను.

"అడిగేదాన్ని నేను కదా, నేనే దిగాలి" అన్నారు. అంతమంది పిల్లలకు జీర్ణనాళం గురించి గంటలకొద్దీ చెప్పిన మనిషి, ఆ సంగతి చెప్పమని కూతురి వంక చూశారు. చివరికి కూతురే చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న వేరే మనిషి మలం తీసుకుని, శుభ్రం చేసి, అందులోని మంచి సూక్ష్మజీవుల్ని గొట్టం ద్వారా రోగి పేగులోకి పంపుతారట. ఇల్లు నిండితే రౌడీకి చోటుండదు. ఇవ్వడానికి కూతురు పనికిరాలేదు, ఈమధ్యే యాంటీబయాటిక్స్ వాడింది. అల్లుడికి ఏదో పరీక్ష కుదరలేదు. బంధువుల్లో ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ముక్కు మూసుకున్నారు.

మా ఆయన బుర్ర గోక్కున్నాడు. "రక్తం ఇచ్చినోళ్లను చూసిన. కిడ్నీ ఇచ్చినోళ్ల గురించి ఇన్న. గిదేం దానం మేడం, జిందగీల ఇనలే."

ఆవిడ నవ్వబోయి దగ్గారు. నాకు ఒక్క ఆలోచనే వచ్చింది. నేను వండింది తినని మనిషి, నేను తిన్నదాన్ని అడుగుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడకూ అదే తోచినట్టుంది. తలెత్తి నా వంక సూటిగా చూశారు.

"ఆ కేకు నేను తినలేదమ్మాయ్. పాలతనికిచ్చేశాను. నీకు తెలుసని నాకు తెలుసు. అయినా ఏనాడూ నువ్వు డబ్బా ఖాళీగా పంపలేదు."

"గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు మేడం" అన్నాను. ఎన్నేళ్లుగానో లోపల గుచ్చుకుంటున్న ముల్లును ఎవరో మెల్లగా లాగేసినట్టనిపించింది.

ఆ తర్వాత నాకు రక్తపరీక్షలు, ఆ పరీక్షలు, ఈ పరీక్షలు. డాక్టరు అడిగిన ప్రశ్నలకు సిగ్గుతో చచ్చాను. అన్నిటిలో పాసయ్యానని ఫోన్ వచ్చింది. ఆవిడ మంచంలోంచే, "డిస్టింక్షనమ్మాయ్ నీకు" అని పైనుంచి కేకేశారు. బీఏలో నాకు సెకండ్ క్లాసే వచ్చింది. నా బతుక్కు మొదటి డిస్టింక్షన్ అదే.

ఆస్పత్రివాళ్లు మూత బిగించే తెల్ల డబ్బా ఒకటి ఇచ్చి పంపారు. అది చేతిలో పట్టుకుని మెట్ల దగ్గర బిత్తరపోయి నిలబడ్డాను. ఆవిడ పిట్టగోడ మీంచి తొంగిచూసి, ఆ ఒంట్లో లేని ఓపికంతా కూడదీసుకుని అన్నారు.

"ఖాళీ డబ్బా వెనక్కి పంపకూడదు, గుర్తుందిగా?"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతోనే మాకు సగం భయం పోయింది. ఆ పొద్దున నేను ప్రార్థన చేసుకున్నాను. మా పాస్టరమ్మకు చెబితే ఏమనుకుంటుందో గానీ, ఆ తెల్ల డబ్బా కోసం ప్రార్థించాను. 'ప్రభువా, ఇందులో ఉన్నవాళ్లు ఎంత చిన్నవాళ్లో నీకే తెలుసు. వాళ్లకు పైన చోటు దొరికేలా చూడు' అనుకున్నాను.

మధ్యాహ్నం ఆవిడను లోపలికి తీసుకెళ్లాక, ఆస్పత్రి వరండాలో కుర్చీలో నాకు కునుకు పట్టింది. కలలో మా ఇంటి మెట్లు కనపడ్డాయి. మెట్ల నిండా జనం. మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, గంపలో కోడిని పెట్టుకొచ్చినవాళ్లు. అందరూ మా ఊరివాళ్లలాగే ఉన్నారు, ఒక్క ముఖమూ గుర్తుపట్టలేను. తోసుకోకుండా, గొడవ లేకుండా ఒక్కో మెట్టే ఎక్కుతున్నారు. పైన తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ నిలబడి ఉన్నారు. ముందున్న ముసలాయన, "అమ్మా, ఇల్లు కిరాయికి దొరుకుతదా?" అని అడిగాడు. ఆవిడ అందర్నీ కలయజూశారు. "రండి, రండి. చెప్పులు మాత్రం బయట విడవండి" అన్నారు. గుమ్మం ముందు చెప్పులు కుప్పపడుతూనే ఉన్నాయి. లోపలికి వెళ్లినవాళ్లు వెళ్తూనే ఉన్నారు, ఆ చిన్న ఇంట్లో ఎక్కడ పడుతున్నారో తెలియదు. మెలకువ వచ్చేసరికి కూతురు నా భుజం తడుతోంది. "అయిపోయింది, పిన్నీ" అంది. అంతవరకూ ఆంటీ అనేది. ఆ మాట ఎందుకు మార్చిందో తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆవిడ కోలుకున్నారు. పడిపోయినంత నెమ్మదిగా కాదు, తొందరగానే లేచారు. ఒకరోజు మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి లాగి తన పొట్ట మీద పెట్టుకున్నారు. లోపల గుడగుడమంది.

"వినపడిందా? నీవాళ్లు మాట్లాడుకుంటున్నారు. మీ యాసలో."

"ఏమంటున్నరు మేడం?"

"మేడం ఏంటి ఇంకా? ఒక కడుపులో వాళ్లు ఇద్దరి కడుపుల్లో ఉన్నారు. అక్కా అను" అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నారు. "నా కాపలావాళ్లు ముసలి విద్యార్థులు. అన్నీ వచ్చనుకుంటారు. ఇప్పుడు కొత్త టీచర్లొచ్చారు. ఏం నేర్పుతారో, వీళ్లు ఏం నేర్చుకుంటారో. గడిలో వెయ్యి అమ్మాయ్. ఇంకా తెలియదు."

ఎదురింటావిడ ఈ కథంతా విని, ఇంట్లోనే ఇలాంటిదేదో చేసుకుంటే తన గ్యాస్ తగ్గుతుందేమోనని అడిగితే మాత్రం ఓనరమ్మ గట్టిగా చీవాట్లు పెట్టారు. పరీక్షలు లేకుండా ఆస్పత్రి బయట చేస్తే ప్రాణం మీదికొస్తుందని వీధంతా వినపడేలా చెప్పారు.

డాక్టరు మామూలు భోజనానికి ఒప్పుకున్నాక, ఒకరోజు నేను రొట్టెలు కొడుతుంటే ఆవిడ మెట్లు దిగి, గడప దాటి, వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నారు. నేను పిండి చేతులతో అలాగే ఉండిపోయాను.

"ఏం చూస్తావ్? వీళ్లు జొన్నరొట్టె తిని పెరిగినవాళ్లు. నా ఇంట్లో పెట్టుకుని వాళ్ల తిండి వాళ్లకు పెట్టకపోతే ఏం మర్యాద?"

ఇది సైన్సో సాకో నేను అడగలేదు. రొట్టె, పచ్చిపులుసు పెట్టాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. "అత్తగారి కాలం నుంచి ఉన్న అలవాటమ్మాయ్. ఒంటికే కాదు, ఇంటికీ పాత జ్ఞాపకాలుంటాయి. కొత్త పాఠం చెప్పేవాళ్లు రావాలంతే" అన్నారు. ఇంకో రొట్టె అడిగారు. ఆ రోజు నుంచి డబ్బాలో వండినవే పైకెక్కాయి. ఆదివారం మాత్రం కిందికి దిగేవారు కాదు, మా ఇంట్లో మాంసం వండుతాం కనక. "అంతవరకు నా కాపలావాళ్లు ఇంకా చదవలేదు" అని నవ్వేవారు. క్రిస్మస్ కేకు మాత్రం మా కళ్లముందే తినేవారు, పాలతనికి విడిగా ఇంకో ముక్క ఇప్పించి.

ఆ తర్వాత ఆవిడ మాటలో మా మాట చేరింది. కావాలనే చేర్చారో, అలవాటుగా చేరిందో. కూరగాయల బండి అతనితో "జర మంచిగ తూకం వెయ్యి" అనేవారు. కూతురు వెక్కిరిస్తే, "నేను కాదే, లోపలివాళ్లు" అని పొట్ట తట్టుకునేవారు. ఇలా కొన్నేళ్లు గడిచాయి. ఆ ఏళ్లు నేనిచ్చినవని కూతురంటుంది. నేనేమిచ్చాను? నేను అన్నం తిన్నాను, అంతే. మిగతాదంతా ఆ చిన్నవాళ్లు చేశారు.

చివరిసారి కూతురింటికి బయల్దేరిన రోజు, గోంగూర పచ్చడి డబ్బా నా చేతిలో పెట్టి, ఆటో ఎక్కారు. ఆటో కదులుతుంటే బయటికి వంగి, చెయ్యి ఊపి, "పోయొస్తనే చెల్లె!" అన్నారు. మావైపు ఎవరూ పోతానని అనరు, పోయొస్తానంటారు. ఆవిడ దాన్ని ఎంత సరిగ్గా అన్నారంటే, ఆటో అతను కూడా మా ఊరావిడే అనుకుని ఉంటాడు.

పెద్దకర్మ రోజు నేను ఆ డబ్బా నిండా జొన్నరొట్టె తుంచి పెట్టుకుని వనస్థలిపురం వెళ్లాను. తేవొచ్చో తేకూడదో తెలియక గుమ్మం పక్కన నిలబడితే, కూతురు వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. లోపలికి తీసుకెళ్లి తన వాళ్ల మధ్య కూర్చోబెట్టింది. ఎవరో పెద్దావిడ, ఈవిడెవరమ్మా అని అడిగింది. "మా పిన్ని" అంది ఆ పిల్ల, ఇంక వివరం చెప్పలేదు. వచ్చేటప్పుడు డబ్బాలో గారెలు పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి, పైన తాళం వేసిన తలుపు ఒకసారి చూసి, మా ఇంట్లో నేలమీద చాప వేసుకుని పడుకున్నాను. మధ్యాహ్నపు ఎండ కిటికీ ఊచల్లోంచి నా మీదికి పాకింది. పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. లోపల గుడగుడమంది. ఆవిడలో ఉన్నవాళ్లు ఆవిడతో వెళ్లిపోయారు, వాళ్ల తోబుట్టువులు ఇక్కడ ఇంకా పాఠాలు చెప్పుకుంటున్నారు. అలా వింటూ వింటూ ఏ క్షణాన కన్ను మూతపడిందో తెలియదు.

మళ్లీ ఆ మెట్లే. ఈసారి మూటలవాళ్లు కిందికి దిగుతున్నారు, ఒక్కో మెట్టే, తొందర లేకుండా. అందరూ దిగాక అందరికంటే వెనక ఒక మనిషి దిగింది. చేతిలో చిన్న మూట. మా గుమ్మం ముందు ఆగి, చెప్పులు విడవబోతూ తలెత్తి, "ఇల్లు కిరాయికి దొరుకుతదా?" అని అడిగింది.

"లోపలికి రా అక్కా" అన్నాను. "చెప్పులతోనే రా."